ముహూర్తమునకు ముందే మేల్కొను కన్ను

వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకఱ్ఱ బెల్లము నుంచు క్షణము రెండుమారులు రాదు. పురోహితుని బ్రతిమాలి మరల పెట్టించినను, ఆ తొలిచూపు తిరిగి రాదు. హైదరాబాదువంటి మహానగరమున వేడుకలకు ఛాయాచిత్రములు తీయుటయే జీవనముగా గలవారి విద్యయంతయు ఈ ఒక్క చిక్కు చుట్టును అల్లుకొని యున్నది. ఎఱ్ఱదీపము వెలిగిన పిదప జారిన మాటను వెనుకకు తీసికొనలేని ఉద్యోగము మాది. కనుక వారి కష్టము మాకు సులభముగనే బోధపడినది.

కెమెరా మంచిదైనచో చిత్రము మంచిదగునని పలువురి నమ్మకము. ఛాయాగ్రాహకుడు మొదట నేర్వవలసినది తంతు. అడ్డుతెర తొలగువేళ ఎవరి ముఖము చూడవలెనో, సూత్రధారణకై వరుడు ఏ ప్రక్కకు వంగునో, అక్షతలు చల్లుటకు లేచు బంధువులు ఎచట అడ్డువత్తురో అతనికి ముందే తెలిసియుండవలెను. గట్టిమేళమే అతనికి హెచ్చరిక. కంటితో చూచిన పిదప మీట నొక్కువాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు.

వెలుతురుది వేఱొక తగవు. ముహూర్తములు పెక్కు రాత్రివేళ వచ్చును. కెమెరా తలుపు సెకండులో 125వ వంతుకన్న ఎక్కువసేపు తెఱచియున్నచో తలంబ్రాలు పోయు చేతులు చెదరి కనబడును. తక్కువసేపు తెఱచినచో వెలుగు చాలదు. ఫ్లాషును నేరుగా ముఖముపై వేసిన చెమట మెఱయును. పైకప్పునకు త్రిప్పి వేసినచో, అచట కట్టిన ఎఱ్ఱగుడ్డ వధువు చెక్కిళ్ళకు తన రంగు పులుమును. అలంకరణ కుదుర్చుకొను గృహస్థులు ఈ సంగతి గమనింపవలెను.

ఈ నగరమున ఈ వృత్తి నేటిది కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో రాజా దీన్ దయాళ్ (1844–1905) దర్బారులను, వేటలను గాజుపలకలపై చిత్రించెను. 1892లో ఆయన స్త్రీలకొఱకు ప్రత్యేకముగ ఒక చిత్రశాల తెఱచి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. పరదా పాటించు కొన్ని కుటుంబములవారు నేటికిని ఆడవారి వేడుకకు స్త్రీలనే పిలుతురు.

వీరి ఆదాయము పంచాంగమునకు కట్టుబడినది. మాఘ వైశాఖములలో ఒకేనాడు నాలుగు పిలుపులు. ఆషాఢమున, మూఢమున చేతులు ముడుచుకొని కూర్చుండుట. ఒప్పుకొనునది ఒకరు, వచ్చునది మఱియొకరు అగుట ఈ రద్దీవలననే. బేరమాడునపుడు వచ్చువా రెవరో అడుగుడు. చిత్రములు ఒకేసారి రెండు మెమరీకార్డులపై పడునా అనియు అడుగుడు. ఒకటి చెడినను రెండవది దక్కును.

హక్కుమాట కూడ చెప్పవలె. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ విభాగము ననుసరించి, వేఱు ఒడంబడిక లేనిచో, పైకమిచ్చి తీయించుకొన్న చిత్రముపై తొలిహక్కు తీయించినవారిదే.

నేర్పరి వేదికనే చూచుచు నిలువడు. మూల కుర్చీలో కన్నులు తుడుచుకొను అమ్మమ్మను సైతము ఒకమారు పట్టుకొనును. ఆల్బము కూర్చునపుడు పెండ్లివారు ఆ చిత్రమును తొలగింతురు. కొన్నియేండ్లకు ఆ యింటినుండియే కబురు వచ్చును: అమ్మమ్మది విడిగా ఏదైన ఉన్నదా అని. అందుచేతనే అనుభవజ్ఞులు, ఎవరును ఎన్నుకొనని చిత్రములను గూడ తేదీలు వేసి దాచియుంతురు.