క్రొత్త రైఫిలుకు గురి కుదుర్చుట

క్రొత్త రైఫిలు చేతికి రాఁగానే వేటకుఁ బోవుట తగదు. ముందుగా దానిని గురిశాలలో పరీక్షింపవలయును. నార్వే దేశమున నేనీ పని చేసిన విధము మనవి చేసెదను.

లక్ష్యము 100 మీటర్ల దూరమున నిలిపిన కాగితము. సెకనుకు దాదాపు 800 మీటర్లు పోవు గుండు దానిని చేరుటకు సెకనులో ఎనిమిదవ వంతు పట్టును. ఆ రెప్పపాటులోనే భూమ్యాకర్షణ దానిని సుమారు 8 సెంటీమీటర్లు క్రిందికి లాగును. కావున గొట్టము ఒకింత పైకెత్తి యుండునట్లు రైఫిలుపై నున్న దూరదర్శినిని సరిచేయవలయును.

రైఫిలును ఇసుక సంచులపై నానించి మూడు గుండ్లు కాల్చితిని. ఒక్క గుండును నమ్మరాదు. అది చేతి వణకు కావచ్చును. మూడును ఒకచోటఁ గూడినచో లోపము చేతిది కాదనియు, దూరదర్శిని అమరికదనియు తెలియును. నా గుండ్లు మూడును కేంద్రమునకు 6 సెంటీమీటర్లు కుడిప్రక్కఁ బడినవి. దూరదర్శిని మరను ఒక్క మెట్టు త్రిప్పినచో గురి ఒక సెంటీమీటరు జరుగును. ఆరు మెట్లు త్రిప్పి, గొట్టము చల్లారిన పిదప మరల కాల్చఁగా నడుమనే తగిలినవి.

ఆ దేశమున పెద్ద మృగములను వేటాడువారు ఏటేట పరీక్ష నీయవలయును. 100 మీటర్ల నుండి కాల్చిన 5 గుండ్లును 30 సెంటీమీటర్ల వలయములోఁ బడవలయును. ఒకటి తప్పినను ఆ ప్రయత్నము చెల్లదు.

ఈ కాఠిన్యము న్యాయమే. గురి తప్పినచో కాగితమునకు బాధ లేదు; గాయముతో పొదలలోఁ బడి కుములు మృగమునకుఁ గలదు.