పటేల్ షాట్, సంఘం షాట్

మెసయీద్ క్యాంపుల్లో జహీరాబాద్ వైపు మనోళ్ళుంటే ఈ ముచ్చట వాళ్ళకు తెలిసే ఉంటుంది. మిగతా అన్నదమ్ములు వినండి.

పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు వీడియో కెమెరా పట్టారు. చాలామంది బడి మొహం చూడని కూలీలే. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. షాట్లకు పేర్లూ వాళ్ళే పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, అంటే దొర కూలోళ్ళను చూసే చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా చూస్తే సంఘం షాట్. ఏ జర్నలిజం కాలేజీలో ఇంత సూటిగా చెప్తారు?

2008 అక్టోబర్ 15న మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు: అల్గోల్ నర్సమ్మ, ‘జనరల్’ నర్సమ్మ. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే.

1968లో లండన్‌లో జమైకా నుంచి వచ్చిన బార్బరా బ్లేక్ హన్నా థేమ్స్ టెలివిజన్ రిపోర్టర్‌గా తెర మీదికొచ్చింది. నల్లావిడ మాకొద్దంటూ ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు. ఏడాది తిరక్కుండానే ఆమె కాంట్రాక్టు ఆగిపోయింది. ఆమె మైకు కంపెనీది. నర్సమ్మల మైకు సంఘానిది.

మరి మీ సంగతి? మనం ఊరి పేపర్లో కనబడేది ఎక్కువగా ఎవరైనా చనిపోతేనే. రెండు నెలల జీతం ఆగితే, ఓటీ లెక్క తప్పితే అది వార్త కాదా? తారీఖు వేసి రాసుకోండి, మీ గొంతుతో ఫోన్లో చెప్పి దాచుకోండి. కాంట్రాక్టు, జీతం స్లిప్పుల ఫొటోలు జత పెట్టుకోండి. కార్మిక శాఖలో ఫిర్యాదుకు ఇవే పనికొస్తాయి. ఇతరుల ఫొటో, వీడియో మాత్రం వాళ్ళ అనుమతి లేకుండా తీయకండి, ఇక్కడ కేసవుతుంది. ప్లాంటు లోపల అసలే వద్దు.