బడిసంచిలో తూటా: తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

తుపాకి యను మాట మా తెనాలికి క్రొత్తది కాదు. 1942 వ సంవత్సరము ఆగస్టు 12 వ తేదీన, క్విట్ ఇండియా యుద్యమపు దినములలో, ఇచ్చటి రైల్వే స్టేషనువద్ద పోలీసులు జరిపిన కాల్పులలో ఏడుగురు ప్రాణములు విడిచిరి. వారి జ్ఞాపకార్థము వెలసిన రణరంగచౌకు నేటికిని ఊరి నడుమ నున్నది. బిడ్డలతో ఆ దారిన పోవునపుడు వారడుగుట, మేము చెప్పుట పరిపాటి. తుపాకి గుండు చరిత్రలోని వస్తువనియు, మన యింటి గడపకును బడి గడపకును అది యెడముగా నుండుననియు మేమింతకాలము తలచుచుంటిమి.

అట్లు తలచుట పొరపాటని మాకు తెలిసివచ్చిన విధమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మావారు ఉపాధ్యాయులు. బదిలీలమీద బదిలీలై రేపల్లెలో కొన్నాళ్లు, బాపట్లలో కొన్నాళ్లు కాపురముండి తుదకు తెనాలి చేరితిమి. ఈ మూడూళ్లలో ఏ యూర నిది జరిగినదో చెప్పము. చెప్పినచో ఆ బిడ్డ యెవరో నలుగురును పోల్చుకొందురు. శ్రావణమాసములో ఒకనాడు, యూనిట్ పరీక్షకు పిల్లలు కూర్చుండబోవు సమయమున, తొమ్మిదవ తరగతి గదిలో వెనుకబల్లచుట్టు గుంపు చేరినదట. మావారు పోయి చూడగా, ఒక పిల్లవాని జామెట్రీ పెట్టెలోనుండి వచ్చిన ఎఱ్ఱని గొట్టము, ఇత్తడి అడుగు గలది, చేతులు మారుచున్నది. ఒకడు కంపాసు మొనతో ఆ యిత్తడి నడుమ పొడుచుచున్నాడు. అది రెండు గొట్టముల తుపాకిలో వేయు తూటా. కాల్చనిది. ఆ యడుగు నడుమనే మందును రగిలించు చిన్న టోపీ యుండును. దానికి దెబ్బ తగిలిననే తూటా పేలును. ఆ సంగతి ఆ పిల్లలలో నొక్కరికిని తెలియదు.

మావారు దానిని తీసికొని ప్రధానోపాధ్యాయులకు చూపిరి. ఆయన తలుపు మూసి, "మాస్టారూ, దీనిని కాగితముమీద పెట్టవద్దు. బడి పేరు పోవును. పిల్లవాని బ్రతుకు పాడగును. పోలీసులు వచ్చినచో రేపు పత్రికలవారు వత్తురు" అని, పిల్లవానిని పిలిచి రెండు దెబ్బలు వేసి పంపివైచిరి. సాయంకాలము బంట్రోతు తూటాను కాలువలో పాఱవైచినాడు. ఇంటికి కబురు పంపలేదు. రిజిష్టరులో నొక్క పంక్తి లేదు.

ఆ రాత్రి మావారు అన్నము కలిపి అటులే కూర్చుండిరి. "తూటా కాలువలో పడినది. తుపాకి యెక్కడ నున్నదో ఎవ్వరును అడుగలేదు" అనిరి.

ఇట్టివి మన దేశమున జరుగవని యూరడిల్లుటకు వీలు లేదు. 2007 డిసెంబరు 11 వ తేదీన ఢిల్లీ చెంతనున్న గుర్గావ్ లో ఎనిమిదవ తరగతి బాలురిద్దరు తండ్రి పిస్తోలును బడికి తెచ్చి తోటి విద్యార్థిని కాల్చి చంపిరి. 2018 జనవరిలో హర్యానా రాష్ట్రపు యమునానగరములో పండ్రెండవ తరగతి విద్యార్థి, తండ్రి లైసెన్సు రివాల్వరుతో తన ప్రిన్సిపాలు ప్రాణము తీసెను. 2024 జూలై 31 న బీహారులోని సుపౌల్ జిల్లాలో ఐదేండ్ల పసివాడు సంచిలో తుపాకి పెట్టుకొని వచ్చి మూడవ తరగతి పిల్లవానిని చేతిమీద కాల్చెను. 2025 ఆగస్టులో ఉత్తరాఖండములోని కాశీపురమున ఒక విద్యార్థి అన్నపు డబ్బాలో తుపాకి దాచి తెచ్చి ఉపాధ్యాయునిపై పేల్చెను. ఆ డబ్బా సంగతి చదివిన దినమున మా పిల్లలకు పెరుగన్నము సర్దుచు మా చేతులు వణకినవి.

విదేశములందున్న మన బిడ్డల సంగతి వేఱుగ చెప్పవలెనా? 2007 డిసెంబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున, వారి నివాసగృహములలోనే, తెలుగు పరిశోధక విద్యార్థులిద్దరు తుపాకి గుండ్లకు బలియైరి. ఆ రాత్రి విశ్వవిద్యాలయమువారు విద్యార్థుల సెల్ ఫోనులకు హెచ్చరిక పంపిరి గాని, పేరు నమోదు చేసికొన్నవారిలోనే కొందరి కది చేరలేదని పిమ్మట తేలినది. అదే సంవత్సరము ఏప్రిల్ 16 న వర్జీనియా టెక్ లో జరిగినది మఱింత ఘోరము. ఉదయము ఏడుంబావు ప్రాంతమున వసతిగృహములో ఇద్దరు హతులైరి. విద్యార్థులకు మొదటి ఉత్తరము పోయినది 9 గంటల 26 నిమిషములకు. అప్పటికి పిల్లలు యథాప్రకారము తరగతులకు పోయి కూర్చుండిరి. ఇంకొక పావుగంటలో హంతకుడు రెండవ భవనమున ప్రవేశించి ముప్పదిమందిని కాల్చెను. ఆ రెండుగంటల ఆలస్యమునకై ప్రభుత్వము ఆ విద్యాలయమునకు జరిమానా విధించినది. ప్రాణములకు జరిమానా వెల కాజాలదు. కాని "చెప్పకుండుట నేరము" అని ప్రభుత్వము నిర్ణయించినదిగదా, అది మాకు ముఖ్యముగా తోచినది.

ఆ శాసనమునకు మూలము ఒక తల్లిదండ్రుల శోకము. 1986 లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయమున జీన్ క్లెరీ యను బాలిక తన వసతిగదిలో హత్య చేయబడినది. అంతకుముందు మూడేండ్లలో ఆ యావరణమున 38 దౌర్జన్యములు జరిగినవనియు, అవి యేవియు తమకు తెలియనీయలేదనియు ఆ తలిదండ్రులు పిమ్మట నెఱిగిరి. తెలిసియుండినచో బిడ్డ నచ్చటికి పంపకపోదుము గదా యని వారు కుమిలి యూరకుండలేదు. ఊరూర తిరిగి, శాసనసభల మెట్లెక్కి, 1990 లో చట్టము చేయించిరి. దానినిబట్టి అచ్చటి కళాశాలలు ప్రతి సంవత్సరము అక్టోబరు 1 వ తేదీలోపల తమ యావరణమున జరిగిన నేరముల లెక్క ప్రకటింపవలెను. నిత్యము నేరముల చిట్టా వ్రాసి అడిగినవారికి చూపవలెను. అపాయము గలిగినపుడు వెంటనే హెచ్చరింపవలెను. చిన్నబడులకు 1994 నాటి చట్టము వేఱుగ నున్నది. తుపాకి తెచ్చిన విద్యార్థిని ఒక యేడాది బహిష్కరించుట, న్యాయాధికారులకు తెలుపుట, లెక్కను ప్రభుత్వమునకు పంపుట దానిలోని విధులు. పసివాని విషయమున సడలించు నధికారము పాఠశాలాధికారికి గలదు.

మా అక్కగారు టెక్సాసులో నున్నారు. ఆమె కూతురి బడికి ఒకనాడు ఎవడో ఉత్తుత్తి బెదిరింపు చేసెనట. పోలీసులు వచ్చి వెదకి పోయిరి. ఆ సాయంకాలమే తల్లిదండ్రులందఱికి ఉత్తరము వచ్చినది: ఎన్ని గంటలకు ఫోను వచ్చినది, ఏమి చేసిరి, ఏమియు దొరకలేదు, పిల్లలు క్షేమము. ఎవరి పేరును అందులో లేదు. అక్కగారు చదివి వినిపించి, "చదివినందున భయము తగ్గలేదు గాని, రాత్రి నిద్రపట్టినది" అన్నది. ఆ దేశపు తుపాకుల పిచ్చి మనకు వద్దు. ఆరేండ్ల పిల్ల బల్లక్రింద దాగి మూతి బిగబట్టుట నేర్చుకొను గతి మనకు రావలదు. కాని ఆ ఉత్తరము మాత్రము మనకు కావలెను. మన యూళ్లలో ఆ ఉత్తరము పని వాట్సాపు చేయుచున్నది. ఉదయమున ఒక తూటా, మధ్యాహ్నమునకు పది తూటాలు, దీపములు పెట్టువేళకు ఫలానా యింటి పిల్లవాడు, ఫలానా కులము.

ప్రధానోపాధ్యాయులు చెప్పిన మాట, పిల్లవాని బ్రతుకు పాడగునన్నది, మమ్ము చాల దినములు వేధించినది. అందు దయ లేకపోలేదు. చట్టమేమి చెప్పుచున్నదో మావారిచేత తెప్పించి చదివితిమి. 1959 నాటి ఆయుధముల చట్టము తుపాకికే గాక తూటాకును లైసెన్సు కావలెననుచున్నది. 21 సంవత్సరములు నిండనివారికి సామాన్యముగా లైసెన్సే లేదు. కనుక పోలీసులకు తెలుపక తప్పదు. అయితే 2015 నాటి బాలన్యాయ చట్టము పదునెనిమిదేండ్లలోపు బిడ్డను లాకప్పులో పెట్టరాదనుచున్నది; పట్టుకొన్నచో 24 గంటలలో బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను; పేరుగాని, బొమ్మగాని, బడి పేరుగాని పత్రికలో వేయుట నేరము. పదునాలుగేండ్ల వానికి ఆ మచ్చ ముందు చదువునకు, ఉద్యోగమునకు అడ్డు రాకుండ చేయు నియమము గూడ నున్నది. బిడ్డను కాపాడుటకు చట్టముండగా, బిడ్డ పేరు చెప్పి బడిని కాపాడుకొనుట యెట్టి దయయో పాఠకురాండ్రే యోచింతురు గాక. 2021 లో కేంద్ర విద్యాశాఖవారు పాఠశాలల భద్రతకు యాజమాన్యమే బాధ్యత వహింపవలెనని మార్గదర్శకములు గూడ నిచ్చియున్నారు.

చేయవలసినది కష్టమైన పని కాదు. వస్తువును త్రిప్పి త్రిప్పి చూడక, పిల్లవానిచేత తీయింపక, ఉన్నచోటనే విడిచి, పిల్లలను గది వెలుపలికి నడిపించి తాళము వేయవలెను. 112 కు ఫోను చేయవలెను. గంట, నిమిషము వేసి చూచినది చూచినట్లు వ్రాసి, చూచినవారు సంతకము పెట్టవలెను. ఆ పిల్లవాని తల్లిదండ్రులను పిలిచి తుపాకి యెక్కడిదని యడుగవలెను. తక్కిన తల్లులకు పేరు లేకుండ నాలుగు పంక్తులు ఆ దినమే పంపవలెను. బొమ్మ తుపాకియైనను, నాటుతుపాకియైనను, పిల్లలు గొట్టములతో చేసికొను కార్బైడు తుపాకియైనను ఈ పద్ధతియే మేలు. 2025 దీపావళికి మధ్యప్రదేశములో ఆ కార్బైడు ఆటవలన ఎందరో బిడ్డల కన్నులు దెబ్బతిన్నవి.

మన యిండ్లలో చేయవలసినది వేఱున్నది. విరాటుని నగరము ప్రవేశింపబోవుచు పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిన కథ మనకందఱికి తెలిసినదే. అవి తమవే, వాడుటలో వారిని మించినవారు లేరు. అయినను జనము భయపడునని, పరులచేత పడునని, ఎవ్వరును చేరరాని యెత్తున కట్టి, పైన శవమును వ్రేలాడదీసిరి. మన యిండ్లలో తాతలనాటి తుపాకి నడిమి గదిలో మేకుకు వ్రేలాడుచుండును.

అటులే వ్రేలాడుచున్నది, మేము పోయినప్పుడు. తూటా దొరకిన వారమునకు, శుక్రవారపు పేరంటము నెపముతో వాయనము పట్టుకొని ఆ పిల్లవాని యింటికి పోతిమి. అది మామగారి లైసెన్సు తుపాకి. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించుట, తరువాత తెచ్చి మరల తగిలించుట వారి వాడుక. తూటాలు కుట్టుమిషను సొరుగులో నున్నవి. క్రింద చాపమీద నాలుగేండ్ల ఆడపిల్ల ఆడుకొనుచున్నది. మేము సంగతి చెప్పగా ఆ యిల్లాలు తెల్లబోయి, మాటలాడక సొరుగు లాగి ఒక్కొక్కటిగా లెక్కించినది. రెండు తక్కువ వచ్చినవి. ఒకటి కాలువలోనిది. రెండవది మఱునాడు పిల్లవాని పరుపుక్రింద దొరకినది.

తుపాకి ఇనుపబీరువాలోనికి, తూటాలు వేఱొక పెట్టెలోనికి పోవుటకు నెల పట్టినది. మామగారు మొదట కోపించిరి, పిమ్మట సమ్మతించిరి. మావారు ఆ దినపు సంగతి తమ సొంత డైరీలో గంటతోకూడ వ్రాసి పెట్టుకొనిరి. అంతకుమించి మేమును చేయలేదు. పై యధికారులకు ఉత్తరము వ్రాసి, బదిలీకి భయపడి చింపివైచితిమి. ఆ చింపిన కాగితమునకు బదులుగనే నేడీ వ్యాసము.

ఆనాడు గుమ్మమువఱకు సాగనంపుచు ఆ యిల్లాలు, "అక్కయ్యగారూ, మీరు రాకపోతే నాకు తెలిసేదే కాదు. నేను వాడి తల్లిని గదండీ. బడివారు నాకెందుకు చెప్పలేదు?" అని యడిగినది. మేమామెకు బదులు చెప్పలేక, ఇచ్చిన తాంబూలము కొంగున కట్టుకొని వచ్చితిమి.