అద్దమునకొక పూత, ప్రకటనకొక పూత

ట్రాయ్ అనగానే మన పాఠకులలో అనేకులకు మిచిగన్ రాష్ట్రమందలి ట్రాయ్ స్ఫురించును. అచ్చట భారతీయ దేవాలయము కలదు, మోటారు సంస్థలలో పనిచేయు తెలుగు కుటుంబములు కలవు. నేను చెప్పబోవునది ఆ ట్రాయ్ కాదు. న్యూయార్క్ రాష్ట్రమున హడ్సన్ నదికి తూర్పు గట్టున, ఒకప్పుడు చొక్కాలకు తగిలించుకొను విడి కాలర్లను దేశమంతటికిని సరఫరా చేసి 'కాలర్ల నగరము' అని బిరుదు పొందిన మఱియొక ట్రాయ్ కలదు. కాలర్ల కాలము గతించినది. కాని కటకములను గుఱించియు, వానిని అమ్మువారి మాటలను గుఱించియు ఆలోచింపదలచిన ఛాయాగ్రాహకునకు ఈ ఊరును దీని ఇరుగుపొరుగును నేటికిని చక్కని పాఠశాలలే.

ఇచ్చటి ఫుల్టన్ వీథిలో గర్లీ భవనమని యొక ఇటుకల కట్టడము నిలిచియున్నది. విలియం గర్లీ, లూయిస్ గర్లీ అను సోదరులు 1852లో తమ పేర నెలకొల్పిన సంస్థ, భూములు కొలుచువారికిని రైలుమార్గములు వేయువారికిని కావలసిన దిక్సూచులను, దుర్భిణీలు బిగించిన ట్రాన్సిట్ యంత్రములను నిర్మించుచుండెడిది. 1862లో ఊరిని దహించిన మహాగ్నికి పాత కర్మశాల ఆహుతి కాగా, ఆ సంవత్సరమే ఈ భవనమును లేపిరి. వారు ప్రచురించుచు వచ్చిన కరదీపిక ధరలపట్టికతో కూడినదే, అనగా ఒక విధముగ ప్రకటనయే. అయినను అందు పుటల తరబడి కనబడునది యంత్రమును ఎట్లు వాడవలెను, ఎట్లు పరీక్షింపవలెను, దుర్భిణి దృష్టిరేఖ పక్కకు తొలగియున్నచో ఎట్లు సవరించుకొనవలెను అను బోధ. వస్తువును అమ్ముచునే దాని దోషమును కనిపెట్టు విద్యను కూడ కొనువాని చేతికిచ్చిన వర్తకులు వారు.

నేటి లెన్సుల ప్రకటనలలో ఆ రెండవ భాగము మాయమైనది. మిగిలినది విశేషణములు మాత్రమే. సెలవునాడు పిల్లలను, పక్షులను, పండుగలను చిత్రించుకొను గృహస్థుడొకడు కొత్త లెన్సు కొనవలెనని సంకల్పించి ఏ పత్రికను తెఱచినను, 'నానో పూత' యనియు, 'వృత్తి నిపుణుల శ్రేణి' యనియు, 'అంచునుండి అంచువఱకు అసమాన స్పష్టత' యనియు వచనములు వెల్లువగా వచ్చి మీదపడును. వీనిలో పచ్చి అబద్ధము అరుదు. చిక్కంతయు అచ్చటనే యున్నది. చెప్పినది నిజమే, కాని ఎంత నిజమో, ఎప్పుడు నిజమో చెప్పుట లేదు.

పూతల సంగతినే తీసికొందము. గాలినుండి గాజులోనికి ప్రవేశించు కాంతిలో సుమారు నూటికి నాలుగు పాళ్లు ఆ హద్దుననే వెనుదిరిగి పోవును. గాజు వక్రీభవన గుణకము 1.5 అనుకొన్నచో లెక్క అంతే తేలును. ఒక్క కటకమైన పరవాలేదు. కాని నేటి జూమ్ లెన్సులో పది గాజులకు తక్కువ యుండుట అపురూపము; పది గాజులు విడివిడిగ నున్నచో ఇరువది ముఖములు. ముఖమొక్కింటికి నాలుగు పాళ్లు పన్నుగ చెల్లించుచు పోగా చివఱకు మిగులునది నూటికి 44 పాళ్ల వెలుతురు మాత్రమే. పోయిన వెలుతురు ఊరక పోవునా అనగా అదియు లేదు. లోపలి గాజుల నడుమ బంతివలె ఎగిరెగిరిపడి, కొంత చిత్రముపై పొగమంచువలె పఱచుకొని నలుపును బూడిదరంగు చేయును.

దీనికి విరుగుడు మొదట కనబడిన తీరు వినోదకరము. ఇంగ్లండు దేశమున డెనిస్ టేలర్ అను కటక శిల్పి, వాతావరణ ప్రభావముచే మకిలిపట్టిన పాత కటకములు కొత్తవానికంటె అధికముగ కాంతిని పోనిచ్చుచున్నవని 1890ల ప్రాంతమున గమనించెను. మకిలి పట్టినదని కొనువారు మొగము చిట్లించుకొను గాజే మేలైన గాజన్నమాట! 1935లో జర్మనీలో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకూలా శూన్యగదిలో గాజుపై పలుచని పూత నెక్కించు విధానమును సాధించెను. ఇక ట్రాయ్‌కి సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న స్కెనెక్టడీ నగరమున, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో, ఆ ఊరనే జన్మించి, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొందిన ప్రథమ మహిళగా పేరుగాంచిన క్యాథరిన్ బ్లాడ్జెట్, సబ్బుజాతి పదార్థమును ఒక్కొక్క అణువు మందమున నలుబదినాలుగు పొరలుగ గాజుపై పేర్చి, 1938లో, ప్రతిబింబము దాదాపు కనబడని అద్దమును లోకమునకు చూపెను. పూత మందము కాంతితరంగములో నాలుగవవంతు ఉండునట్లు చేసినచో, పూత పైముఖమునుండి తిరిగివచ్చు తరంగమును అడుగు ముఖమునుండి తిరిగివచ్చు తరంగమును ఒకదాని నొకటి రద్దు చేసికొనును; సూత్రమంతయు నింతే. ఆమె పూత మెత్తనిది, వేలితో రుద్దిన చెరిగిపోవునది. తరువాత గట్టి పూతగా స్థిరపడినది మెగ్నీషియం ఫ్లోరైడ్.

ఇప్పుడు లెక్కను మరల చూడుడు. ఆ ఒక్క పొర పూతతో నాలుగు పాళ్ల నష్టము సుమారు ఒకటిన్నఱకు దిగును, ఇరువది ముఖములను దాటిన వెలుతురు 44 నుండి 74 పాళ్లకు ఎగబ్రాకును. పలు పొరల పూతతో నష్టము అరపాలు అనుకొన్నచో 90 పాళ్లు. మఱి 2007లో ట్రాయ్ నగరముననే, 1824లో స్థాపితమైన రెన్సెలేర్ పాలిటెక్నిక్ విద్యాలయమున, ఫ్రెడ్ షూబర్ట్, షాన్-యు లిన్ మున్నగు శాస్త్రజ్ఞులు సూక్ష్మాతిసూక్ష్మమైన సిలికా కడ్డీలను ఏటవాలుగ పెంచి, వక్రీభవన గుణకము 1.05 మాత్రమే కల, అనగా ఇంచుమించు గాలియే అనదగిన, ఒక పొరను సృజించిరి. అట్టి పొరలను మెట్లుమెట్లుగ పేర్చిన పూతనుండి తిరిగివచ్చు కాంతి నూటికి 0.1 పాలువఱకు తగ్గినది. వారి దృష్టి ఎల్.ఇ.డి. దీపములపైన, సౌరఫలకములపైన నుండెనే గాని పెండ్లి ఫోటోలపైన కాదు. అయినను అంతటి పూతను మన లెన్సులోని ఇరువది ముఖములకును పూయగలిగితిమి అనుకొందము: 98 పాళ్లు. తొంబదినుండి తొంబదియెనిమిది! కెమెరా భాషలో అది ఒక స్టాపులో, అనగా వెలుతురు రెట్టింపగు ఒక మెట్టులో, ఎనిమిదవ వంతు. షట్టర్ వేగపు చక్రమును ఒక్క మెట్టు త్రిప్పినంత భేదము కూడ కాదు.

నానో పూత వ్యర్థమని నా యభిప్రాయము కాదు. సూర్యుడు చట్రములోనే యున్నప్పుడు, గోపురము వెనుక దీపము నేరుగ లెన్సులోనికి కొట్టుచున్నప్పుడు, దయ్యపు మరకలవలె వచ్చు గుండ్రని వెలుగులను అది నిజముగ అణచును. అట్టి చిత్రములు నీవు ఏడాదికి ఎన్ని తీయుదువు అను ప్రశ్న మాత్రము ప్రకటనలో నుండదు.

లెన్సు రంధ్రపు అంకె, అనగా ఎఫ్-సంఖ్య, విషయమున మాయ మఱింత ప్రత్యక్షము. కానన్ వారివి రెండు లెన్సులు, రెండును 50 మిల్లీమీటర్లవే, ఒకే కెమెరాకు తగులునవే. 2018లో వచ్చిన ఎఫ్/1.2 లెన్సులో గాజులు 15, బరువు 950 గ్రాములు, అమెరికాలో విడుదలనాటి ధర సుమారు 2,300 డాలర్లు. 2020లో వచ్చిన ఎఫ్/1.8 లెన్సులో గాజులు 6, బరువు 160 గ్రాములు, విడుదలనాటి ధర సుమారు 200 డాలర్లు. ధర పదకొండు రెట్లకు పైన, బరువు ఆరు రెట్లు. వచ్చు వెలుతురు మాత్రము రెండుంబావు రెట్లు. చీకటి మండపమున తాళికట్టు క్షణమును పట్టి, అందుకు రుసుము పుచ్చుకొను వృత్తికారునకు ఆ రెండుంబావు విలువ కలదు. వెనుకటి దీపములు మెత్తని వెలుగుముద్దలై కరగు సొగసు కూడ కలదు. దానినే వారు బోకే యందురు. అయితే ఎఫ్/1.2 వద్ద, ఒకటిన్నర మీటరు దూరమున, స్పష్టముగ వచ్చు లోతు ఆరు సెంటీమీటర్లు మాత్రమే. కన్ను తేటగ నున్నచో చెవి మసక. ఇంట పరుగులిడు పసివాని ఫోటోకు అది ఎంతవఱకు వరమో తల్లిదండ్రులే చెప్పవలెను.

ఇక రంధ్రమును బాగుగ మూసినచో కథ మఱొక విధముగ ముగియును. ఎఫ్/16 వద్ద కాంతి వివర్తనముచే ప్రతి బిందువును సుమారు 21 మైక్రోమీటర్ల చుక్కగ వ్యాపించును. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో పిక్సెల్ వెడల్పు ఆరు మైక్రోమీటర్లు. అప్పుడు 200 డాలర్ల లెన్సునకును 2,300 డాలర్ల లెన్సునకును ప్రకృతి ఒకే విస్తరిలో వడ్డించును.

రేఖాపటముల మాట ఒక్కటి మిగిలినది. మిల్లీమీటరునకు పది గీతలు, ముప్పది గీతలు ఎంత తేటగ వచ్చునో తెలుపు ఎం.టి.ఎఫ్. పటములను అనేక సంస్థలు కొలిచి గీయవు, లెక్కగట్టి గీయును; అవి కంప్యూటర్‌లో పుట్టిన నిర్దుష్టమైన లెన్సునకు జాతకములు. మన చేతికి వచ్చు లెన్సు మనుష్యులు, యంత్రములు కూర్చినది. ఇది నాకు తెలిసివచ్చుటకు కొంత సొమ్ము ఖర్చైనది. పేరు చెప్పనొల్లని ఒక సంస్థ చేసిన, జీతములో గణనీయభాగమును మ్రింగిన ఒక జూమ్ లెన్సును కొని, పటమునే నమ్మి ఆఱు నెలలు తిరిగితిని. చిత్రములలో కుడివైపు చెట్లు ఎప్పుడును కొంచెము మసకగ నుండెడివి. గాలి యనుకొంటిని, చేయి వణికినదనుకొంటిని, తుదకు నా కంటిడాక్టరును సందర్శించితిని. ఒక ఆదివారము ఉదయమున ట్రైపాడ్‌ను గర్లీ భవనమునకు ఎదురుగ నిలిపి, కెమెరాను గోడకు సమాంతరముగ నుంచి, రెండు సెకండ్ల టైమరుతో, రంధ్రము పూర్తిగ తెఱచియు, ఎఫ్/4 వద్దను, ఎఫ్/8 వద్దను ఆ ఇటుకల వరుసలను చిత్రించితిని. ఎడమవైపున ఇటుక ఇటుకకు నడుమ సున్నపు గీత లెక్కింపవచ్చును. కుడివైపున గోడ యంతయు గోరువెచ్చని పాయసము. లోపలి గాజు ఒకటి ఒఱగియున్నదట. మార్చి యిచ్చిన రెండవ లెన్సు, అదే పేరు, అదే పటము, దివ్యముగ నున్నది. దృష్టిరేఖను పరీక్షించుకొనుడని నూటయేబది యేండ్లకు ముందే చెప్పిన వారి గోడయే నా లెన్సునకు పరీక్షాపత్రమైనది.

ప్రకటనలలో మఱొక వచనము కలదు: చేయి వణకును అణచు యంత్రాంగముచే ఐదు స్టాపులు, ఎనిమిది స్టాపులు లాభించునని చెప్పుదురు. అది మన చేతికి సంబంధించినది. బతుకమ్మ చుట్టు తిరుగు ఆడపడుచుల పాదములను నిలుపదు. దానికి షట్టర్ వేగమే శరణ్యము.

లెన్సు ఘనతయే సర్వస్వము కాదనుటకు ట్రాయ్‌లోనే మఱొక సాక్ష్యము కలదు. రెన్సెలేర్ విద్యాలయముననే 1972లో పట్టము, 1973లో స్నాతకోత్తర పట్టము పుచ్చుకొని కొడాక్ సంస్థలో చేరిన స్టీవెన్ సాసన్ అను యువకుడు, 1975 డిసెంబరులో, మొదటి చేతిపట్టు డిజిటల్ కెమెరాను నిర్మించెను. బరువు 3.6 కిలోగ్రాములు. చిత్రమున నూఱు అడ్డుగీతలు, వరుసకు నూఱు బిందువులు. దానిని క్యాసెట్ టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెడిది. నేడు మన జేబులలోని ప్రతి కెమెరాకును మూలపురుషుడైన ఆ యంత్రమునకు లెన్సును ఎచ్చటినుండి తెచ్చెను? సూపర్-8 సినిమా కెమెరాలను చేయు విభాగమున, మిగులు సామానుల పెట్టెలోనుండి. మొదట తీసినది ఒక యువతి ముఖము. తెరపై జుట్టు నల్లగ, వెనుక గోడ తెల్లగ వచ్చి, ముఖము మాత్రము చెదరిపోయినది. దోషము లెన్సుది కాదు, తీగలు తారుమారైనవి. సవరింపగనే ముఖము కనబడినది.

మన మాయాబజార్ చిత్రములో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే 1957 నాటికే మనకు చూపిన వెన్నెలలో ఏ నానో పూతయు లేదు. దీపములను నిలుపు నేర్పు కలదు.

చలికాలమున హడ్సన్ గట్టున ఎండ నాలుగు గంటలకే ఏటవాలై నేరుగ లెన్సులోనికి దిగును. అట్టి సాయంకాలములందు వంతెన వద్ద నిలుచు ఛాయాగ్రాహకులను నేను చూచుచుందును. నానో పూత కలవారును, లేనివారును, కుడిచేత మీట నొక్కుచు, ఎడమ అరచేతిని లెన్సునకు పైన అడ్డము పట్టుదురు. మా యూరి రచ్చబండపై కూర్చుండి, ఎండలో దూరమునుండి వచ్చు బస్సు మనదా పొరుగూరిదా అని మా తాతగారు నొసటికి చేయి అడ్డము పెట్టుకొని చూచెడి తీరు సరిగ ఇట్లే యుండెడిది.