మెరుగుదలా, నూతన రూపకల్పనా?: పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఉదాహరణలు

నాణ్యత నిర్వహణలో ఉన్న పద్ధతిని మెరుగుపరచాలా, కొత్తది రూపొందించాలా అన్నది మౌలిక ప్రశ్న. సిక్స్ సిగ్మాలో నిర్వచనం, కొలత, విశ్లేషణ అనే తొలి మూడు దశలు రెండింటికీ ఉమ్మడివి. ఆ తరువాత ఒక మార్గం మెరుగుదల, నియంత్రణలకూ, మరొకటి రూపకల్పన, నిర్ధారణలకూ సాగుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలు ఈ ఎంపికను స్పష్టం చేస్తాయి.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ మెరుగుపరచడానికి పూర్వపద్ధతి లేదు, రూపకల్పనే మార్గం.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు ప్రసిద్ధి. రీలింగ్‌లో దారం తరచుగా తెగుతుంటే ముందుగా గూళ్ల ఏరివేతను, ఉడికింపును సరిదిద్దాలి. అవి సరిగా ఉన్నా చరఖాపై దారానికి కోరిన సమానమైన మందం రాకపోతే, లోపం పనివారిది కాదు, పద్ధతిది. అప్పుడు ఆటోమేటిక్ రీలింగ్ యంత్రం అవసరమవుతుంది. దానికి బైవోల్టిన్ గూళ్లు కావాలి కనుక, మార్పు రైతు పురుగుల పెంపకం దాకా విస్తరిస్తుంది.

ధర్మవరంలో మరమగ్గం వేగాన్ని పెంచగలదు. కానీ ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు లభించింది చేనేతగానే. మరమగ్గంపై నేసిన చీరకు ఆ పేరు చెల్లదు. చేతినేత ఇక్కడ సాధనం మాత్రమే కాదు, నాణ్యతలో భాగం. కనుక రంగు నిలకడ, జకార్డు అమరిక వంటి చోట్ల మెరుగుదలే ఉచితం.

కాబట్టి ఎంపికకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పద్ధతి తన ఉత్తమస్థితిలోనైనా అవసరాన్ని తీర్చగలదా? మార్చిన తరువాత వస్తువు ఆ వస్తువుగానే మిగులుతుందా? మొదటిదానికి కొలత సమాధానమిస్తుంది. రెండవదానికి నేసేవారినీ, కట్టుకునేవారినీ అడగాలి.