కలువ కొలనులో కరెంటు

వాకిట్లో చిన్న కొలను కట్టించుకోవడం, చోటు లేకపోతే మిద్దె మీద సిమెంటు తొట్టిలోనైనా కలువలు పెంచుకోవడం మన ఊళ్ళలో ఇప్పుడు బాగా కనిపిస్తోంది. నీళ్ళు కదలకుండా ఉంటే దోమలు చేరతాయని ఒక బుల్లి సబ్‌మెర్సిబుల్ మోటారు వేస్తారు. రాత్రిపూట అందంగా ఉంటుందని రెండు దీపాలూ పెడతారు. మోటారు అరచేతిలో ఇమిడిపోతుంది. డబ్బా మీద 20 వాట్లు అని ఉంటుంది. ఇంత చిన్నదాంతో ఏం ప్రమాదంలే అనుకుంటారు. ఆ ధీమానే నాకు భయం.

ఇరవై వాట్లన్నది మోటారు తీసుకునే పని లెక్క. లోపలి ఇన్సులేషన్ పాడై ఫేజ్ నీళ్ళను తాకినప్పుడు ఆ లెక్క చెల్లదు. ఎంత కరెంటు పారుతుందో తేల్చేది 230 వోల్టులూ, దారిలో ఉన్న నిరోధమూ. తడిసిన ఒంటికి ఆ నిరోధం సుమారు వెయ్యి ఓమ్‌లకు పడిపోతుంది. అంటే 230 మిల్లీయాంపియర్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియెల్ మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో, పది పదహారు మిల్లీయాంపియర్లకే చాలామంది పట్టుకున్న తీగను వదల్లేకపోయారు. అంతకు ఎన్నో రెట్లు కరెంటు ఒంట్లో పారితే గుండె లయ తప్పుతుంది. పైగా మంచినీళ్ళకన్నా మన ఒంట్లోని ఉప్పునీళ్ళే కరెంటుకు సులువైన దారి. కొలనులో చెయ్యి పెడితే అది చేతివైపే మళ్ళుతుంది.

‘మీటరు బోర్డులో ఎంసీబీ ఉందిగా’ అంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లను. ఆరు యాంపియర్ల ఎంసీబీకి పావు యాంపియర్ లీకేజీ ఆనదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ దీన్ని ఈఎల్‌సీబీ అనే అంటుంటారు. దీనిలో ఫేజ్, న్యూట్రల్ వైర్లు రెండూ ఒకే ఇనుప వలయం గుండా పోతాయి. వెళ్ళిన కరెంటంతా తిరిగొస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొంత నీళ్ళలోకో ఒంట్లోకో మళ్ళిందా, ఆ తేడాకి వలయం చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు పుట్టి స్విచ్ పడిపోతుంది. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, లీకేజీ 150కి చేరితే సెకనులో ఇరవై అయిదో వంతులోగా, అంటే గుండె ఒక్కసారి కొట్టుకునేలోగా లైను కట్ చేస్తుంది. అమెరికాలో ఇళ్ళకు పనికొచ్చే ఇలాంటి పరికరాన్ని 1961లో తయారుచేసింది కూడా ఆ డాల్జియెలే.

కొనేటప్పుడు దాని మీద 30 అని ఉందో లేదో చూడండి. 100, 300 మిల్లీయాంపియర్లవి ముఖ్యంగా అగ్నిప్రమాదాలు ఆపడానికి. కొలను లైనుకి వాటిని నమ్ముకోలేం.

ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో ఒక చిక్కుంది. ఇన్వర్టరు లైనూ మెయిన్ లైనూ ఒకే న్యూట్రల్ మీద నడుస్తుంటే, వెళ్ళిన కరెంటు ఒక దారిన పోయి మరో దారిన వస్తుంది. లీకేజీ లేకపోయినా ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. విసిగిపోయి దాన్ని బైపాస్ చేయించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. రెండు న్యూట్రళ్ళనీ విడదీయించండి, గంటో రెండు గంటలో పడుతుంది.

ఎర్త్ సంగతి కూడా చూసుకోవాలి. ఎండాకాలం ఎర్త్ గొయ్యి చుట్టూ మట్టి ఎండిపోయి నిరోధం వంద ఓమ్‌లైందనుకుందాం. ఫేజ్ నేరుగా ఎర్త్‌కి తగిలినా పారేది 2.3 యాంపియర్లే. ఎంసీబీ కదలదు, ఆర్‌సీసీబీ మాత్రం క్షణంలో పడుతుంది. అయినా ఎర్త్ గొయ్యిలో నీళ్ళు పోస్తూ ఉండండి.

నేను చూసినంతలో ఎక్కువ లోపాలు ఉండేది జాయింట్ల దగ్గరే. మోటారుతో వచ్చిన కేబుల్ పొట్టిదైతే మరో ముక్క కలిపి, నల్ల టేపు చుట్టి నీళ్ళలో వదిలేస్తారు. టేపు జిగురు కొన్నాళ్ళకి ఊడుతుంది. సన్న రాగి పోగుల మధ్య సందుల్లోంచి తడి పాకుతూ మోటారు దాకా పోతుంది. విప్పి చూస్తే రాగి పచ్చబారి, పొడిపొడిగా రాలుతుంది. పొడవాటి కేబుల్ ఉన్న మోటారే కొనండి. తప్పనిసరైతే జాయింటును గట్టు మీద, నీరు చొరబడని పెట్టెలో పెట్టించండి. కేబుల్‌ని పైపులోంచి తీసుకెళ్తే ఎండకి పగలదు, ఎలుకలు కొరకవు. దీపాలు 12 వోల్టులవే ఎంచుకోండి. వాటి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇంటి లోపల పొడి చోట ఉండాలి. దానికి వచ్చేది 230 వోల్టులే కదా.

మోటారు స్పాంజి కడిగే ముందు స్విచ్ కట్టెయ్యడం చాలదు, ప్లగ్గు ఊడబీకాలి. కొన్ని సాకెట్లలో స్విచ్‌ని న్యూట్రల్ మీద కలిపేసి ఉంటారు, స్విచ్ ఆపినా మోటారు దాకా ఫేజ్ ఉంటుంది. కరెంటు పోయింది కదా అని చెయ్యి పెట్టకండి, ఇన్వర్టరు లైను మీద ఉంటే పోయినట్టే కాదు. మోటారును వైరు పట్టుకుని పైకి లాగొద్దు. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కండి. స్విచ్ పడకపోతే అదే రోజు మార్పించండి.

ఎవరైనా కొలనులో షాక్‌కి గురైతే నీళ్ళలోకి దిగకండి, వాళ్ళని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపాలి, ఇన్వర్టరు కూడా ఆపాలి. తర్వాతే బయటికి తీసి, 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.