వార్తల్లో చెప్పే డిగ్రీలు మీ మడివేనా?

యాసంగి నారు పోశారు. రాత్రి వార్తల్లో జిల్లా కనిష్ట ఉష్ణోగ్రత 14 డిగ్రీలన్నారు. ఫరవాలేదులే అని పడుకున్నారు. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. అయిదో రోజు చూస్తే నారు పసుపు తిరిగి, ఎదుగుదల ఆగింది. మరి వార్తలు అబద్ధమా? కాదు. ఆ 14 డిగ్రీలు మీ మడివి కావు, ఎక్కడో ఉన్న వాతావరణ కేంద్రానివి.

పెట్టెలో కొలత

వాతావరణ కేంద్రంలో థర్మామీటర్లను తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో పెడతారు. ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా చుట్టూ రెక్కలుంటాయి. థర్మామీటర్లు నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. అందరూ ఒకే తీరున కొలిస్తేనే ఒక చోటును ఇంకో చోటుతో పోల్చడానికి వీలవుతుంది. అయితే మబ్బు, గాలి లేని రాత్రి ఆ పెట్టెలో కన్నా నేల మీద చలి ఎక్కువ. చల్లగాలి బరువు కనుక పల్లపు మడిలోకి దిగి అక్కడే నిలుస్తుంది.

చోటును బట్టి తేడా

ఢిల్లీలో జనవరి తెల్లవారుజామున 7, 8 డిగ్రీలుంటే మే నెల పగలు 40 దాకా పోతుంది. సముద్రం పక్కనున్న తిరువనంతపురంలో జనవరి రాత్రి 22, మే పగలు 32 దగ్గర. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారడమే దీనికి కారణం. ఎత్తు సంగతీ అంతే. మే నెలలో కోయంబత్తూరు 35 డిగ్రీలతో ఉడికిపోతుంటే, దగ్గర్లోనే కొండ మీదున్న ఊటీలో 22, 23 మాత్రమే.

అందుకే వడగాలిని ప్రకటించేటప్పుడు వాతావరణ శాఖ అన్ని చోట్లకీ ఒకే అంకె పెట్టుకోదు. మైదానంలో కనీసం 40, తీరంలో 37, కొండల్లో 30 డిగ్రీలు ఉండాలి. దాంతోపాటు ఆ చోట సాధారణంగా ఉండేదానికన్నా కనీసం 4.5 డిగ్రీలు పెరగాలి. కాబట్టి వార్తల్లో అంకె ఒక్కటే కాదు, "సాధారణం కన్నా ఎంత" అన్న మాట కూడా వినండి.

మీరేం చేయాలి?

గది ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, అది ఇంత తక్కువ డిగ్రీలు చూపదు. నారుమడిలో పుల్ల పాతి జానెడు ఎత్తులో కట్టండి. పొద్దు పొడవక ముందే చూసి, వార్తల్లో చెప్పిన కనిష్టం పక్కన రాసుకోండి. పదిహేను రోజులు రాస్తే మీ మడికీ కేంద్రానికీ తేడా ఎంతో మీకే తెలుస్తుంది. మూడు డిగ్రీలు తక్కువ వస్తుంటే, వాళ్లు 14 అన్న నాడు మీకు 11 అని లెక్క.

చలి ముదిరితే మడిలో చల్లటి నీరు తీసేసి, కొత్త నీరు పెట్టండి. రాత్రి పూట నారుకు తగలకుండా కర్రల మీద పాలిథిన్ పట్టా కప్పి, తెల్లారగానే తీసేయండి.

వార్తలు వినండి. కానీ పట్టా కప్పాలా వద్దా అన్నది మాత్రం మీ మడి గట్టు మీదే తేల్చుకోండి.